చదరంగంలో తొలి ఎత్తుల మంత్రి దాడి – కొంత చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపమని మన సంఘ కార్యదర్శి గారు కోరారు. పింఛను సవరణలు, వైద్య సదుపాయాలు, కరువు భత్యం లెక్కలు – వీటి గురించి నాకంటే సాధికారంగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత వాటి జోలికి పోకుండా, ఆర్‌.ఎం.ఎస్‌. రెస్ట్‌ హౌసుల్లో రాత్రి సెక్షన్‌ దిగి, నిద్ర పట్టక మనమంతా ఆడుకున్న చదరంగం గురించి రాస్తున్నాను. ఆ ఆట చరిత్ర అంతా రాయడం నా తరం కాదు. అందులో ఒక్క ముక్క మాత్రం తీసుకుంటాను. ఆట మొదలవగానే, మిగిలిన బలగం ఇంకా గుమ్మం దాటకముందే, మంత్రి ఒక్కటే ఎగిరి వచ్చి మీద పడే దాడి గురించి.

ఈ విషయమే ఎందుకు అంటే, ఇటీవల మన సభ్యులు పలువురు సెల్‌ఫోన్‌లో ఆన్‌లైన్‌ చదరంగం మొదలుపెట్టారు. సంతోషం. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఇంతకు మించిన కాలక్షేపం లేదు. అయితే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకటే ఫిర్యాదు. "ఏమండీ, ఎవడో తెలియదు, ఏ దేశమో తెలియదు, రెండో ఎత్తులోనే మంత్రిని తెచ్చి నిలబెట్టాడు, నాలుగో ఎత్తుకి ఆట కట్టేశాడు" అని. మా స్టూవర్టుపురంలో ఆదివారం పూట మా వసారాలో చేరే పిల్లలదీ ఇదే గోడు. వాళ్ళలో ఒకడు మొన్నామధ్య ఫోను నా చేతిలో పెట్టేసి, "ఈ ఆట మనకి రాదులే తాతా" అన్నాడు. పదేళ్ళవాడు 'నాకు రాదు' అనకుండా 'మనకి రాదు' అనడం నాకు నచ్చలేదు. ఆ 'మనకి' ఎక్కడ నుంచి వచ్చిందో మా ఊరివాళ్ళకు చెప్పనక్కరలేదు. మిగిలినవారికి తరువాత చెబుతాను. ముందు ఈ దాడి పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం.

చతురంగం మన దేశపు ఆట. 7వ శతాబ్దంలో బాణభట్టుడు రాసిన హర్షచరిత్రలో దాని ప్రస్తావన ఉంది. 12వ శతాబ్దపు కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి మానసోల్లాసంలోనూ ఈ ఆట గురించి ఉంది. ఆ పాత ఆటలో మంత్రి అంటే నిజంగా మంత్రే, రాజు పక్కన నిలబడి సలహా చెప్పేవాడు. నడక ఐమూలగా ఒక్క గడి, అంతే. ఇప్పుడు ఫోన్‌లో రెండో ఎత్తుకే మంత్రి వెళ్ళి నిలబడే గడి ఉంది కదా, బల్ల అంచున, ఎదుటివాడి రాజుకు ఐమూలగా! అక్కడికి చేరాలంటే పాతకాలపు మంత్రికి నాలుగు ఎత్తులు పట్టేది. చేరినా అక్కడ నుంచి దెబ్బ తీయగలిగేది ఆనుకుని ఉన్న గళ్ళనే. అంటే, ఈ ఆట పుట్టిన తరువాత దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ పాటు మంత్రి దాడి అనేదే లేదు.

మన మంత్రి పారశీక దేశం వెళ్ళి 'ఫర్జీన్‌' అయ్యాడు. అరబ్బులు అదే మాటను 'ఫిర్జ్‌' అన్నారు. వాళ్ళ ఆట ఎంత నిదానమంటే, ఇద్దరు ఆటగాళ్ళూ తమ తమ పావులను పేర్చుకోవడానికే బోలెడు ఎత్తులు వేసేవారు. ఆ పేర్పులకు 'తబియా' అని పేరు. తరువాత యూరప్‌ చేరాక మంత్రి కాస్తా రాణి అయింది. స్విట్జర్లాండ్‌లోని ఐన్‌సీడెల్న్‌ మఠంలో సుమారు క్రీ.శ. 1000 నాటి లాటిన్‌ పద్యం ఒకటి ఉంది. చదరంగంలో రాణి అనే మాట కనిపించే మొట్టమొదటి రచన అదే. పేరు మారింది కానీ నడక మారలేదు. మరో నాలుగు వందల ఏళ్ళ పైచిలుకు ఆ రాణి కూడా ఐమూలగా ఒక్క గడే నడిచింది. హోదా ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం మన శాఖలో పుట్టిన ఆచారమేమీ కాదని దీన్ని బట్టి తెలుస్తోంది.

మార్పు 15వ శతాబ్దం చివర స్పెయిన్‌లో వచ్చింది. వాలెన్సియా నగరంలో 1475 ప్రాంతంలో కాస్తెల్వీ, విన్యోలెస్‌, ఫెనోయార్‌ అనే ముగ్గురు కవులు కలిసి ఒక కావ్యం రాశారు. దాని పేరుకు 'ప్రేమ చదరంగం' అని అర్థం. ఒక కవి తెల్లపావులు, ఒకరు నల్లపావులు ఆడతారు, మూడో ఆయన పక్కన కూర్చుని నియమాలు చెబుతాడు. రాణి ఎటువైపైనా ఎన్ని గళ్ళయినా వెళ్ళే కొత్త పద్ధతిలో ఆడిన ఆటల్లో, ఎత్తు ఎత్తుగా మనకు దొరికిన మొదటిది ఇదే.

ఆ ఆటను నేను బల్ల మీద పెట్టి చాలాసార్లు ఆడి చూశాను. సభ్యులు కూడా చూడవలసిందిగా కోరుతున్నాను. తెల్ల రాజు ముందరి బంటు రెండు గళ్ళు కదులుతుంది. నల్లవాడు మంత్రి ముందరి బంటును ఎదురు తోస్తాడు. తెల్లబంటు దాన్ని తింటుంది. నల్లమంత్రి రెండో ఎత్తులోనే బయటికి వచ్చి ఆ బంటును తిని బల్ల మధ్యలో నిలబడుతుంది. తెల్లవాడు ఏం చేశాడు? గాభరా పడలేదు. మంత్రి వైపు గుర్రాన్ని బయటికి దూకించాడు. ఆ గుర్రం నల్లమంత్రి మీద గురిపెట్టింది. మంత్రి మూడో ఎత్తుకు వచ్చిన దారినే ఇంటికి పోయింది. లెక్క చూడండి. నల్లమంత్రి వెళ్ళి వచ్చింది, నల్లవాడి బలగం ఎక్కడిదక్కడే ఉంది. తెల్లవాడికి ఒక గుర్రం ఊరికే బయటికి వచ్చింది. ఆ తరువాత తెల్లవాడు శకటును, రెండో గుర్రాన్ని తీశాడు. అతని మంత్రి ఏడో ఎత్తుకు గానీ కదలలేదు, అదీ ఒక పావును తింటూ కదిలింది. 21వ ఎత్తులో అదే మంత్రి నల్లరాజు పక్కకు వెళ్ళి ఆట కట్టింది.

మంత్రికి రెక్కలు వచ్చిన మొదటి ఆటలోనే, తొందరపడి వచ్చిన మంత్రిని ఎలా తిప్పి పంపాలో, సమయానికి వచ్చిన మంత్రి ఏం చేయగలదో, రెండూ ఉన్నాయి. ఈ అయిదున్నర శతాబ్దాల్లో వచ్చిన పుస్తకాలు దీనికి వివరాలు చేర్చాయి తప్ప దీన్ని కాదనలేదని నా అభిప్రాయం.

మంత్రికి ఇంత బలం ఎందుకు వచ్చిందనేదానికి చరిత్రకారులు రకరకాల కారణాలు చెబుతారు. 1474లో కాస్తీల్‌ సింహాసనం ఎక్కిన ఇసబెల్లా రాణి ప్రాభవమే కారణమని కొందరు రాశారు. నాకైతే నిదానమైన ఆటతో జనం విసిగిపోవడం కూడా ఒక కారణం అనిపిస్తుంది. 1497లో సాలమాంకాలో అచ్చయిన లూసెనా పుస్తకం, కొత్త పద్ధతి గురించి మనకు మిగిలిన అచ్చు పుస్తకాల్లో మొదటిది. పాత ఆట, కొత్త ఆట రెండూ అందులో ఉన్నాయి. కొత్త ఆటను ఇటలీలో 'పిచ్చిపట్టిన' ఆట అన్నారు. పెద్దవాళ్ళు కొత్తదాన్ని చూసి ఏమంటారో ఆనాడూ అదే అన్నారన్నమాట. ఈ లూసెనా గారే, పగలు ఆడేటప్పుడు ఎదుటివాడి కళ్ళలో ఎండ పడేలా కూర్చోబెట్టమని కూడా సలహా ఇచ్చారు! ఆన్‌లైన్‌ ఆటలో మోసాలు పెరిగాయని వాపోయే మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకుంటే కొంత ఊరట.

ఇక నాలుగెత్తుల కట్టు. రాజు పక్కనున్న శకటు ముందరి బంటు చదరంగంలో అతి బలహీనమైన చోటు. ఆట మొదట్లో దానికి కాపలా రాజు ఒక్కడే. ఒక శకటు, ఒక మంత్రి కలిసి ఆ బంటు మీద గురిపెట్టి, మంత్రి దాన్ని తింటే ఆట కట్టు. 1656లో లండన్‌లో అచ్చయిన ఫ్రాన్సిస్‌ బీల్‌ పుస్తకంలో దీనికి 'విద్యార్థి కట్టు' అనే అర్థం వచ్చే పేరు ఉంది. ఫ్రెంచివారు, జర్మన్లు గొర్రెల కాపరి కట్టు అంటారు. రష్యన్లు పిల్లల కట్టు అంటారు. ఈ పేర్లలో ఏదీ వీరుడి పేరూ కాదు, రాజు పేరూ కాదు.

దీన్ని ఎదుర్కోవడం ఎలా? పిల్లలకు చెప్పినట్టే చెబుతాను, పెద్దలు మన్నించాలి. ఇద్దరూ రాజు ముందరి బంట్లను రెండేసి గళ్ళు తోశారు. తెల్లమంత్రి ఎగిరి బల్ల అంచుకు వచ్చింది. ఇప్పుడు అది రెండు చోట్ల చూస్తోంది. ఒకటి మీ రాజు ముందరి బంటు, రెండోది పైన చెప్పిన బలహీనమైన బంటు. చాలామంది మంత్రిని వెంటనే తరిమేయాలని గుర్రం ముందరి బంటును ఒక గడి తోస్తారు. అది ఘోరం. మంత్రి మీ నడిమి బంటును తిని చెక్‌ చెబుతుంది, అదే ఐమూలలో మూలనున్న ఏనుగు కూడా దొరికిపోతుంది. రాజును ఒక గడి ముందుకు జరిపేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు మూడో ఎత్తుకే ఆట కట్టు.

చేయవలసింది మంత్రి వైపు గుర్రాన్ని తీసి నడిమి బంటుకు కాపలా పెట్టడం. అప్పుడు తెల్లవాడు శకటును తీసి బలహీనమైన బంటు మీద గురిపెడతాడు. ఇప్పుడు, మొదట కాదు, ఇప్పుడు గుర్రం ముందరి బంటును ఒక గడి తోయాలి. మంత్రి వెనక్కి తగ్గి శకటు వరుసలో నిలబడి మళ్ళీ అదే బంటు మీద కన్ను వేస్తుంది. రెండో గుర్రాన్ని తీసి మధ్యలో అడ్డం పెట్టండి. దాడి అయిపోయింది. మీ గుర్రాలు రెండూ బయటికి వచ్చాయి, శకటుకు దారి తెరుచుకుంది. తెల్లవాడి గుర్రానికి మామూలుగా నిలబడవలసిన గడిలో వాడి మంత్రే అడ్డంగా కూర్చుంది. కొందరు మొండివాళ్ళు ఆ గుర్రాన్ని తరమడానికి తమ గుర్రం ముందరి బంటును రెండు గళ్ళు తోస్తారు. భయపడకుండా మీ మొదటి గుర్రాన్ని బల్ల మధ్యకు దూకించండి. అది ఒకవైపు మంత్రిని, ఇంకోవైపు రాజునూ ఏనుగునూ కలిపి కొట్టే గడినీ చూస్తుంది. అక్కడ నుంచి పరుగు పెట్టవలసింది వాడే.

మంత్రి దాడి ఎప్పుడూ తప్పే అనుకోవడం కూడా సరికాదు. బంటుకు కాపలాగా గుర్రాన్ని తీయవలసిన చోట శకటు ముందరి బంటును ఒక గడి తోసి కాపలా పెట్టేవాళ్ళున్నారు. 1512లో రోమ్‌లో పుస్తకం వేసిన పోర్చుగీసు ఆటగాడు దామియానో అది చెడ్డ ఎత్తు అని చెప్పాడు. ఎదుటివాడు గుర్రాన్ని బలి ఇచ్చి, మంత్రితో చెక్‌ చెప్పి, రాజును నడివీధిలోకి లాగుతాడు. విచిత్రం ఏమిటంటే, ఆ ఎత్తుకు లోకం ఆయన పేరే పెట్టింది! వద్దన్నవాడి మీదే నింద పడింది. మంత్రి ముందుగా వచ్చిందా లేదా అన్నది కాదు చూడవలసింది. రాజు ముందు తలుపు మనమే తెరిచి పెట్టామా లేదా అన్నది.

పెద్ద ఆటగాళ్ళు కూడా ఈ దాడి చేశారా అని ఒక మిత్రుడు అడిగారు. చేశారు. అమెరికాలో ఇండియానాపొలిస్‌కు చెందిన బెర్నార్డ్‌ పర్హామ్‌ అనే ఆయన రెండో ఎత్తుకే మంత్రిని తీయడాన్ని ఒక పద్ధతిగా ప్రచారం చేశాడు. 2005లో డెన్మార్క్‌, స్వీడన్‌లలో జరిగిన సిగెమాన్‌ టోర్నమెంటులో, అప్పటికి 17 ఏళ్ళ హికారు నకమూరా మన మద్రాసు గ్రాండ్‌మాస్టర్‌ శశికిరణ్‌ మీద ఇదే ఎత్తు వేశాడు. శశికిరణ్‌ పైన నేను చెప్పిన ఎత్తులే వేశాడు. మొదట గుర్రం, తరువాత బంటు, తరువాత రెండో గుర్రం. తెల్లవాడి మొదటి పదకొండు ఎత్తుల్లో నాలుగు మంత్రి తిరగడానికే సరిపోయాయి. చివరికి శశికిరణ్‌ గెలిచాడు. 1972లో రేక్‌యావిక్‌లో స్పాస్కీతో ఆడిన 11వ ఆటలో అంతటి ఫిషర్‌ మంత్రి ఒక బంటుకు ఆశపడి శత్రువు ఇంట్లోకి వెళ్ళి చిక్కుకుపోయింది. ఆ బంటుకు చదరంగంలో 'విషపు బంటు' అనే పేరుంది. ఆ ఆట ఫిషర్‌ ఓడిపోయాడు, పోటీ మాత్రం గెలిచాడు.

మరి ఇన్ని వందల ఏళ్ళ క్రితమే విరుగుడు తెలిసిన దాడి ఇప్పుడు ఫోన్‌లో ఎందుకు ఇంతగా పనిచేస్తోంది? దీనికి మన శాఖ చరిత్రలోనే జవాబు ఉంది.

దూరాన ఉన్నవారు చదరంగం ఆడుకోవడం మొదలైంది టపా మీదే. 1824 నుంచి 1828 వరకు లండన్‌, ఎడిన్‌బరో క్లబ్బులు ఉత్తరాల ద్వారా పోటీ పడ్డాయి. నాలుగేళ్ళు పట్టింది, ఎడిన్‌బరో గెలిచింది. తంతి మిత్రులు చిన్నబుచ్చుకోకూడదు. మోర్స్‌ తంతి వేసిన 1844లోనే వాషింగ్టన్‌, బాల్టిమోర్‌ల మధ్య తీగల మీద చదరంగం ఆడారు. మన రోజుల్లో పదిహేను పైసల కార్డు మీద ఒక్కొక్క ఎత్తు రాసి పంపుకునేవాళ్ళం. నేను సార్టింగులో ఉండగా అలాంటి కార్డులు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్ళాయి. ఒక ఎత్తుకు జవాబు రావడానికి వారం, ఒక్కోసారి రెండు వారాలు. అలాంటి ఆటలో రెండో ఎత్తుకు మంత్రిని తీస్తే ఏమవుతుంది? ఎదుటివాడు బల్ల పెట్టుకుని, భోంచేసి, పడుకుని, లేచి, మరోసారి చూసి, గుర్రాన్ని తీసి కార్డు రాస్తాడు. దాడి కార్డు డబ్బాలో పడేలోపే చచ్చిపోతుంది.

1992లో ఇంటర్నెట్‌ మీద మొదటి చదరంగం సర్వరు వచ్చింది. 2007లో చెస్‌ డాట్‌ కామ్‌, 2010లో లీచెస్‌ వచ్చాయి. ఇప్పుడు అందరూ ఆడేది మూడు నిమిషాల ఆట, అయిదు నిమిషాల ఆట. గడియారం పక్కనే పరుగెడుతూ ఉంటుంది. మంత్రి రాగానే గుండె గబగబా కొట్టుకుంటుంది, ఆలోచించకుండా చెయ్యి కదులుతుంది. ఆ దాడికి బలం మంత్రిలో లేదు, గడియారంలో ఉంది. అందుకే మా వసారాలో నేను చేసిన ఒకే ఒక్క మార్పు గడియారం తీసేయడం. ఎత్తుకు పదిహేను నిమిషాలు తీసుకున్నా అడిగేవారు లేరు. నెల తిరిగేసరికి అదే జవాబును పిల్లలు అర నిమిషంలో వేస్తున్నారు.

ఇంకో కారణం మన పాత ఆటలోనే ఉంది. అరుగుల మీద మేము ఆడిన పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే. కోట కట్టడం లేదు. దాని బదులు రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది. అయితే ఒకసారి చెక్‌ తగిలితే ఆ హక్కు పోయేది. కాబట్టి వెనకా ముందూ చూడకుండా మంత్రిని తెచ్చి ఒక చెక్‌ చెప్పేయడంలో ఆనాడు నిజంగానే లాభం ఉండేది. ఇప్పటి నియమాల్లో చెక్‌ తగిలినంత మాత్రాన కోట హక్కు పోదు, రాజు గానీ ఆ వైపు ఏనుగు గానీ కదిలితే పోతుంది. మన తరంవారు చాలామంది ఆ పాత అలవాటుతోనే ఊరికే చెక్‌లు చెప్పి మంత్రిని అలసగొడుతుంటారు. 1929, 1932, 1933లలో బ్రిటిష్‌ ఛాంపియన్‌ అయిన మీర్‌ సుల్తాన్‌ ఖాన్‌ కూడా మన దేశపు పద్ధతి నుంచి వచ్చినవాడే. అక్కడికి వెళ్ళాక తొలి ఎత్తులే ఆయనకు కష్టమయ్యాయి. అయినా కాపాబ్లాంకాను ఓడించాడు.

ఇప్పుడు 'మనకి' సంగతి. సర్వీసులో నాతో పనిచేసినవారికి కొంత తెలుసు. 1871లో బ్రిటిష్‌ ప్రభుత్వం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కకట్టే చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ తరువాత కొద్దికాలానికే ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర, సాల్వేషన్‌ ఆర్మీ వారి నిర్వహణలో సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు గవర్నరు కార్యవర్గ సభ్యుడు సర్‌ హెరాల్డ్‌ స్టూవర్ట్‌ పేరు దానికి పెట్టారు. మా తాతల తరం వాళ్ళు హాజరు పిలిస్తే వచ్చి నిలబడవలసిందే, ఊరు దాటాలంటే చీటీ ఉండవలసిందే. చీరాల పొగాకు కంపెనీలో పనికి వెళ్ళినవాళ్ళు ఎందరో. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పేరుకు పట్టిన మకిలి మాత్రం రద్దు కాలేదు. 1991 ఒక్క సంవత్సరంలోనే మా ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. ఆ రెండింటిలోనూ ఉత్తరాలు సార్టింగు చేసేవాడి పాత్ర ఏదీ లేదు. నేను ఉద్యోగరీత్యా ఒక పట్టణానికి వెళ్ళినప్పుడు, ఇంటివారు అద్దె మాట్లాడుకుని, బయానా కూడా తీసుకుని, సొంత ఊరు ఏదని అడిగాక డబ్బు తిరిగి ఇచ్చేశారు. వారి పేరు ఇక్కడ అనవసరం.

మా మనవడు ఆన్‌లైన్‌ ఖాతాలో ఊరి పేరు బాపట్ల అని రాసుకున్నాడు. ఎందుకురా అంటే, "స్టూవర్టుపురం అని పెడితే గెలిచినప్పుడు మోసం చేశాడంటారు తాతా" అన్నాడు. నిజానికి ఆ సైట్లలో అనుమానం ఊరి మీద, కులం మీద రాదు. ఆడిన ఎత్తులను యంత్రంతో పోల్చి చూసి, ఆడిన తీరును బట్టి అనుమానపడతారు. ఆ సంగతి వాడికి చెప్పాను. 2018లో గోల్డ్‌కోస్ట్‌ కామన్వెల్త్‌ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బరువులెత్తి స్వర్ణం తెచ్చిన రాగాల వెంకట రాహుల్‌ మా ఊరివాడేనని, పత్రికలన్నీ ఊరి పేరు వేసే రాశాయని కూడా చెప్పాను. ఊరి పేరు మార్చమని మాత్రం అడగలేదు. వాడి ఖాతా, వాడి ఇష్టం.

చదరంగం మన ప్రాంతానికి పరాయి విద్య కాదు. 2022 వరకు మాదీ గుంటూరు జిల్లాయే. ఆ గుంటూరులో 1986లో పెంటల హరికృష్ణ, 1991లో ద్రోణవల్లి హారిక పుట్టారు. హరికృష్ణకు ఆట నేర్పింది తాతగారే అని చదివాను. తాతలం మనం గమనించవలసిన విషయం. అతను 2001లో గ్రాండ్‌మాస్టర్‌ అయ్యాడు, హారిక 2011లో. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్‌ అయింది. 2019లోనూ, 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్‌ ఛాంపియన్‌ అయింది. 2020లో కరోనా రోజుల్లో ఒలింపియాడ్‌ను ఆన్‌లైన్‌లోనే జరిపినప్పుడు ఈ ముగ్గురూ మన జట్టులో ఉన్నారు. ఫైనల్లో మనవాళ్ళిద్దరికి ఇంటర్నెట్‌ తెగిపోయి ఆటలు పోయాయి. చివరికి భారత్‌, రష్యా ఇద్దరినీ విజేతలుగా ప్రకటించారు. 2024 డిసెంబరులో తెలుగు కుటుంబపు చెన్నై కుర్రవాడు గుకేశ్‌ పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ ఛాంపియన్‌ అయినప్పుడు, వెనక ఉండి సాయం చేసినవారిలో హరికృష్ణ ఒకడు.

మా వసారాలో ఇప్పుడు ఆరుగురు పిల్లలున్నారు. 'మనకి రాదులే' అన్నవాడు మానేయలేదు. వాడికిప్పుడు ఎదుటివాడు రెండో ఎత్తుకే మంత్రిని తీస్తే సరదా. గుర్రాన్ని తీసి, వేలు ఫోన్‌ మీద నుంచి తీసేసి, మా వైపు చూసి నవ్వుతాడు. గెలుస్తున్నాడా అంటే, సగం సగం. నలభై ఎత్తులు ఆడి ఓడిపోతున్నాడు, అది వేరే పాఠం.

చివరగా ఒక మనవి. మన సభ్యుల్లో ఎవరికైనా పాత పద్ధతిలో కార్డు మీద చదరంగం ఆడాలని ఉంటే నేను సిద్ధంగా ఉన్నాను. తెల్లపావులు మీవే. మొదటి ఎత్తు రాసి పంపండి, నా చిరునామా సంఘం సభ్యుల పుస్తకంలో ఉంది. రెండో ఎత్తుకే మంత్రిని తీసినా అభ్యంతరం లేదు. జవాబు రావడానికి మాత్రం వారం పట్టవచ్చు.